క్లాట్‌కు సొంతంగా సిద్ధం కావడం ఎలా?

ఇంటర్మీడియట్ తర్వాత ఐదేళ్ల న్యాయవిద్యలో చేరదలచిన తెలుగు విద్యార్థి ముందు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి, హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నం దగ్గరి సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ వంటి ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ప్రవేశం కల్పించే క్లాట్. రెండోది, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ విశ్వవిద్యాలయాల, అనుబంధ కళాశాలల ప్రవేశాల కోసం వేర్వేరుగా నిర్వహించే లాసెట్. రెండూ న్యాయవిద్య ప్రవేశ పరీక్షలే అయినా వాటి స్వభావం పూర్తిగా వేరు. లాసెట్‌లో మీకు ఎంత గుర్తుందన్నది ముఖ్యం. క్లాట్‌లో మీరు ఎంత జాగ్రత్తగా చదవగలరన్నది ముఖ్యం. ఈ తేడా తెలియక, క్లాట్ కోసం చట్టాల సెక్షన్లను, రాజ్యాంగ అధికరణలను నెలల తరబడి కంఠస్థం చేసి, పరీక్షలో సగం పాసేజీలు (ప్రశ్నలకు ముందు చదవమని ఇచ్చే గద్యభాగాలు) కూడా పూర్తి చేయలేకపోయిన విద్యార్థులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం క్లాట్‌కు, అందులోనూ చదివే పనికి కేటాయించాను; లాసెట్ గురించి చివరలో ప్రస్తావిస్తాను.

పరీక్షను ముందుగా లెక్కల్లో చూడండి

క్లాట్ 2008లో మొదలైంది. 2019 వరకు అందులో 200 చిన్న ప్రశ్నలు ఉండేవి. 2020 నుంచి ప్రశ్నలన్నీ పాసేజీల ఆధారంగా రావడం మొదలై, సంఖ్య 150కి తగ్గింది. 2023 డిసెంబరులో జరిగిన పరీక్ష నుంచి ప్రశ్నలు 120. వ్యవధి 120 నిమిషాలు. సరైన జవాబుకు ఒక మార్కు వస్తుంది, తప్పు జవాబుకు 0.25 మార్కు పోతుంది. పరీక్ష ఇంగ్లిషులో మాత్రమే, కాగితం మీద, ఓఎంఆర్ పత్రంతో జరుగుతుంది.

ఐదు విభాగాలు ఉంటాయి. ఇంగ్లిషు నుంచి 22–26 ప్రశ్నలు, సాధారణ పరిజ్ఞానంతో కలిపి కరెంట్ అఫైర్స్ నుంచి 28–32, లీగల్ రీజనింగ్ నుంచి 28–32, లాజికల్ రీజనింగ్ నుంచి 22–26, క్వాంటిటేటివ్ టెక్నిక్స్ అనే గణిత విభాగం నుంచి 10–14 వస్తాయి. ఒక్కో పాసేజీ దాదాపు 450 పదాల వరకు ఉండవచ్చు. ఇరవైకి పైగా పాసేజీలంటే, ప్రశ్నలను లెక్కలోకి తీసుకోకుండానే, తొమ్మిది వేల పదాల దాకా చదవాలన్న మాట. నిమిషానికి 200 పదాల వేగంతో చదివేవారికి చదవడానికే ముప్పావు గంట పడుతుంది. ప్రశ్నలు, ఐచ్ఛికాలు (జవాబు ఆప్షన్లు) చదివి, ఆలోచించి, గుర్తించడానికి గంటంపావు మిగులుతుంది. నిమిషానికి 120 పదాలే చదవగలిగితే ఆ మిగిలేది 45 నిమిషాలు. మీ అసలు సమస్య చట్టం తెలియకపోవడమా, చదువు వేగం చాలకపోవడమా అన్నది ఈ చిన్న లెక్కతోనే తేలిపోతుంది.

కాబట్టి మొదటి రోజు చేయవలసిన పని పుస్తకాలు కొనడం కాదు. ఇటీవలి ప్రశ్నపత్రాన్ని ఒకదాన్ని ముద్రించుకుని, గడియారం ముందు పెట్టుకుని, రెండు గంటల్లో రాయండి. మార్కులు ఎన్ని వచ్చినా ఫరవాలేదు. ఏ విభాగానికి ఎన్ని నిమిషాలు పట్టాయి, ఎన్ని పాసేజీలు ముట్టుకోకుండా మిగిలిపోయాయి, చదివి కూడా తప్పు చేసినవి ఎన్ని అన్న మూడు సంఖ్యలను రాసిపెట్టుకోండి. రాబోయే నెలల ప్రణాళిక వాటి మీదే ఆధారపడుతుంది.

క్యాలెండరును సరిగ్గా అర్థం చేసుకోండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. క్లాట్ పేరులోని సంవత్సరం పరీక్ష జరిగే సంవత్సరం కాదు, ప్రవేశం పొందే సంవత్సరం. క్లాట్ 2025 పరీక్ష 2024 డిసెంబరు 1న, క్లాట్ 2026 పరీక్ష 2025 డిసెంబరు 7న జరిగాయి. అంటే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండగా, పబ్లిక్ పరీక్షలకు మూడు నెలల ముందు, మీరు క్లాట్ రాయవలసి ఉంటుంది. ఇంటర్ పరీక్షలు అయ్యాక వేసవిలో చూసుకుందామనుకునేవారు తమకు తెలియకుండానే ఒక ఏడాది కోల్పోతారు. దరఖాస్తులు సాధారణంగా జూలై, ఆగస్టు నెలల్లో మొదలై అక్టోబరు, నవంబరు నెలల్లో ముగుస్తాయి.

అర్హత విషయంలో పెద్దగా చిక్కు లేదు. ఏ గ్రూపుతోనైనా ఇంటర్ లేదా తత్సమాన పరీక్షలో 45 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 40 శాతం చాలు. గరిష్ఠ వయోపరిమితి లేదు. ఎంపీసీ, బైపీసీ చదివినవారు అనర్హులన్న అపోహ ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు.

ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయిన వేసవిలో మొదలుపెడితే మీ చేతిలో ఎనిమిది నెలలు ఉంటాయి. రోజుకు రెండున్నర గంటలు క్రమం తప్పకుండా కేటాయించగలిగితే ఆ వ్యవధి చాలు. రెండో సంవత్సరం ఆగస్టులో మొదలుపెట్టేవారు మాత్రం ఇంగ్లిషు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్ విభాగాల మీదే బరువు పెట్టి, కరెంట్ అఫైర్స్‌ను ఏదైనా ఒక్క నెలవారీ సంకలనంతో సరిపెట్టుకోవాలి.

చదవడాన్ని ఒక పనిగా నేర్చుకోండి

మొదటి రెండు నెలలు మీరు చేయవలసిన ముఖ్యమైన పని ప్రతిరోజూ ఇంగ్లిషు గద్యం చదవడం. ది హిందూ, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికల్లోని సంపాదకీయాలు, అభిప్రాయ వ్యాసాలు ఇందుకు సరిపోతాయి, ఎందుకంటే క్లాట్ పాసేజీల శైలి, నిడివి, వాదనా విధానం వాటికి దగ్గరగా ఉంటాయి. రోజుకు రెండు వ్యాసాలు చాలు. అయితే అలవాటుగా కళ్లతో చూసేసి వదిలేస్తే నెలల తరబడి చదివినా మార్పు రాదు.

ప్రతి వ్యాసానికీ ఇలా చేయండి. మొదట నిఘంటువు ముట్టుకోకుండా ఒకసారి పూర్తిగా చదివి, పట్టిన సమయాన్ని రాసుకోండి. వ్యాసం మూసేసి, రచయిత చెప్పదలచుకున్న ప్రధానమైన మాటను ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత తిరిగి తెరిచి, ఒక్కో పేరా ఏం చేస్తోందో పక్కన రెండు మూడు మాటల్లో గుర్తు పెట్టండి: ఇది ఆరోపణ, ఇది దానికి ఆధారం, ఇది ఎదుటివారి వాదన, ఇది దానికి సమాధానం అన్నట్లుగా. తెలియని పదాల అర్థాలు ఆ తర్వాతే చూడండి. అదీ ముందుగా సందర్భాన్ని బట్టి ఊహించి, ఆ ఊహ ఎంతవరకు సరైనదో సరిచూసుకోవడానికే చూడండి. పరీక్షలో పదాల అర్థాలను పాసేజీ సందర్భంలోనే అడుగుతారు కాబట్టి, వేల పదాల జాబితాలు బట్టీ పట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ప్రతి ఇంగ్లిషు వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివే అలవాటు మీకు ఉండవచ్చు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, కానీ పరీక్షలో ఆ అలవాటు వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. దాన్ని ఒక్కసారిగా మానడం సాధ్యం కాదు కనుక మెట్లుమెట్లుగా తగ్గించుకోండి. మొదటి మూడు వారాలు, ఒకే అంశం మీద ముందుగా ఏదైనా తెలుగు దినపత్రిక సంపాదకీయం చదివి, తర్వాత ఇంగ్లిషు సంపాదకీయం చదవండి. విషయం ముందే తెలిసి ఉండడం వల్ల ఇంగ్లిషు వాక్యం దానంతటదే తేలికవుతుంది. తర్వాతి మూడు వారాలు నేరుగా ఇంగ్లిషులోనే చదివి, ఒక్కో పేరాకు ఒక్క తెలుగు వాక్యం చొప్పున సారాంశం రాయండి. ఆ తర్వాత సారాంశాన్ని కూడా ఇంగ్లిషులోనే రాయండి. పదానికి పదం మార్చుకునే మనసు పేరాకు పేరాను పట్టుకోవడం నేర్చుకున్నాక అనువాదం అవసరం క్రమంగా తగ్గిపోతుంది.

ఇంగ్లిషు విభాగంలో ప్రధానాంశం, రచయిత వైఖరి, పాసేజీ నుంచి రాబట్టగల నిర్ధారణ, పదాల అర్థం వంటి ప్రశ్నలు వస్తాయి. ఇందులో ఎక్కువమందిని పడగొట్టేది నిర్ధారణ ప్రశ్న. నిజజీవితంలో సత్యమే అయినా పాసేజీ సమర్థించని ఐచ్ఛికం ఒకటి అక్కడ తప్పకుండా ఉంటుంది. ఏ ఐచ్ఛికాన్ని ఎంచుకున్నా, దానికి ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించగలరా అని ప్రశ్నించుకోండి. చూపించలేకపోతే అది మీ జ్ఞానమే కాని పాసేజీ చెప్పింది కాదు.

లీగల్ రీజనింగ్: సూత్రాన్ని ముక్కలు చేయడం

పరీక్షకు ముందస్తు చట్ట పరిజ్ఞానం అవసరం లేదని నిర్వాహకులైన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్టియం స్పష్టంగానే చెబుతుంది. పాసేజీలో ఒక చట్ట సూత్రమో, తీర్పు సారమో, విధాన చర్చో ఉంటుంది. ప్రశ్నల్లో కొత్త సంఘటనలు ఇచ్చి ఆ సూత్రాన్ని వర్తింపజేయమంటారు. ఒక ఉదాహరణతో చూద్దాం.

పాసేజీలో ఇలా ఉందనుకోండి: ఉద్యోగి తన విధి నిర్వహణలో చేసిన తప్పు వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి యజమాని బాధ్యుడు. పనిని ఫలానా పద్ధతిలో చేయకూడదని యజమాని చెప్పిన మాటను ఉద్యోగి మీరినంత మాత్రాన అతడు విధి నిర్వహణ పరిధి దాటినట్లు కాదు. అయితే విధితో సంబంధం లేని సొంత పని మీద ఉండగా జరిగిన నష్టానికి యజమాని బాధ్యుడు కాడు.

మొదటి ప్రశ్న. ఫర్నిచర్ దుకాణం యజమాని తన డ్రైవరుకు ఒక మంచాన్ని కొనుగోలుదారు ఇంటికి చేర్చి రమ్మని, వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదని చెప్పాడు. డ్రైవరు మంచం దించి తిరిగి దుకాణానికి వస్తూ 65 కిలోమీటర్ల వేగంతో నడిపి సైకిలు మీద వెళుతున్న వ్యక్తిని ఢీకొట్టాడు. యజమాని బాధ్యుడా? తొందరపడినవారు, యజమాని ముందే హెచ్చరించాడు కనుక బాధ్యుడు కాడంటారు. కానీ పాసేజీలోని రెండో వాక్యం సరిగ్గా ఈ సందర్భం కోసమే ఉంది. వేగం అన్నది పని చేసే పద్ధతి. దుకాణానికి తిరిగి రావడం పనిలో భాగం. కనుక యజమాని బాధ్యుడు.

రెండో ప్రశ్న. అదే డ్రైవరు మంచం దించాక, ఎదురు దిశలో 20 కిలోమీటర్ల దూరంలో జరుగుతున్న బంధువుల పెళ్లికి వ్యానులో బయలుదేరి దారిలో ప్రమాదం చేశాడు. ఇప్పుడు మూడో వాక్యం వర్తిస్తుంది. యజమాని బాధ్యుడు కాడు. గాయపడిన వ్యక్తి పేదవాడనో, వ్యాను యజమానిదేననో ప్రశ్నలో రాసి ఉన్నా, పాసేజీలోని సూత్రం వాటిని షరతుగా పేర్కొననంత వరకు అవి జవాబును మార్చవు. దయ చూపించవలసిన చోటు ఇది కాదు.

సాధన చేసేటప్పుడు ప్రతి సూత్రాన్నీ ఇలాగే షరతులుగా విడగొట్టి, ఒక్కో షరతుకు ఎదురుగా సంఘటనలోని ఏ వాస్తవం సరిపోతుందో కాగితం మీద రాయండి. మొదట్లో ఒక పాసేజీకి ఇరవై నిమిషాలు పట్టినా కంగారు పడవద్దు. నెలన్నర తర్వాత ఆ పని మనసులోనే జరిగిపోతుంది. ఐచ్ఛికాలను పరిశీలించేటప్పుడు జవాబును, దానికి ఇచ్చిన కారణాన్ని వేరువేరుగా చూడండి. ‘బాధ్యుడు’ అన్న జవాబుతో రెండు ఐచ్ఛికాలు ఉండి, వాటిలో ఒకదానికి పాసేజీలో లేని కారణం ఇవ్వడం ప్రశ్నకర్తలకు బాగా అలవాటైన ఎత్తు. అలాగే పాసేజీలోని సూత్రం మీరు ఎక్కడో చదివిన అసలు చట్టానికి భిన్నంగా ఉంటే, ఆ పాసేజీ వరకు అదే చట్టం.

అంత మాత్రాన చట్టం గురించి ఏమీ తెలుసుకోనక్కరలేదని కాదు. ప్రాథమిక హక్కులు, ఒప్పందం, నిర్లక్ష్యం, నేరోద్దేశం వంటి భావనలతో పరిచయం ఉంటే పాసేజీ కొత్తగా అనిపించదు, అందుకే వేగం పెరుగుతుంది. అయితే పాత పుస్తకాలతో జాగ్రత్తగా ఉండాలి. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. అన్నయ్యో, అక్కో వాడిన పాత గైడులో 511 సెక్షన్ల శిక్షాస్మృతి ఉంటుంది. ఇప్పుడున్న న్యాయ సంహితలో 358 సెక్షన్లే ఉన్నాయి.

లాజికల్ రీజనింగ్: చెప్పని మాటను పట్టుకోవడం

ఇక్కడ చదివేది వాదన. ప్రతి వాదనలోనూ ఒక ముగింపు, దానికి ఆధారాలు, రచయిత పైకి చెప్పకుండా నమ్ముకున్న ఊహ ఒకటి ఉంటాయి. ఒక నగరంలో కూడళ్ల వద్ద కెమెరాలు పెట్టిన తర్వాతి ఏడాది నమోదైన దొంగతనం కేసులు పెరిగాయి, కాబట్టి కెమెరాలు నిష్ప్రయోజనం అని పాసేజీ చెబితే, నమోదైన కేసులు పెరగడమంటే దొంగతనాలు పెరగడమేనన్నది చెప్పని ఊహ. కెమెరాలు ఉన్నందువల్లే గతంలో వెలుగులోకి రానివి కూడా నమోదై ఉండవచ్చు. ఊహ ఏమిటి, వాదనను బలహీనపరిచేది ఏది, బలపరిచేది ఏది అన్న మూడు ప్రశ్నలూ ఈ ఒక్క చోటునే తడుముతాయి. అందువల్ల ఐచ్ఛికాల వైపు చూడకముందే, ముగింపు కింద గీత గీసి, ఆధారానికీ ముగింపుకూ మధ్య ఉన్న ఖాళీని మీ మాటల్లో చెప్పుకోండి. రక్తసంబంధాలు, దిక్కులు, కోడింగ్ వంటి పాత తరహా ప్రశ్నలు ఇప్పుడు అరుదు. వాటి మీద వారాలు ఖర్చు పెట్టడం వృథా అని నా అభిప్రాయం.

గణితం: చిన్నదని వదిలేయకండి

పదమూడు ప్రశ్నలే కదా అని బైపీసీ, సీఈసీ విద్యార్థులు ఈ విభాగాన్ని పూర్తిగా వదిలేయడం చూస్తుంటాం. నిజానికి అడిగేది పదో తరగతి స్థాయి గణితమే: శాతాలు, నిష్పత్తులు, సగటు, లాభనష్టాలు, వైశాల్యాలు. కష్టమంతా పేరాలో కలిసిపోయిన సంఖ్యలను బయటికి తీయడంలోనే ఉంది. ఒక కోర్టులో ఏడాది మొదట్లో 8,000 కేసులు అపరిష్కృతంగా ఉన్నాయి. ఆ ఏడాది 2,400 కొత్తగా దాఖలయ్యాయి. పరిష్కారమైనవి కొత్తగా దాఖలైన వాటికంటే 25 శాతం ఎక్కువ. అపరిష్కృత కేసులు ఎంత శాతం తగ్గాయి? పరిష్కారమైనవి 3,000, ఏడాది చివర మిగిలినవి 7,400, తగ్గినవి 600. దాన్ని 8,000తో పోల్చితే 7.5 శాతం. లెక్క తెలిసినవారు కూడా 600ను 10,400తోనో, 7,400తోనో భాగించి తప్పు చేస్తారు. ప్రతి శాతం ప్రశ్నలోనూ ‘దేనిలో?’ అని ఒకసారి ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకోండి. రోజుకు ఒక్క పాసేజీ సాధన చేస్తే చాలు.

కరెంట్ అఫైర్స్: ఒక వార్త చుట్టూ అల్లుకోండి

ఐదింటిలో గుర్తుంచుకునే పని ఉన్న విభాగం ఇదొక్కటే. పాసేజీ ఇక్కడ కూడా ఉంటుంది గాని, చాలా ప్రశ్నలకు జవాబు పాసేజీలో ఉండదు. అది ఒక అంశాన్ని గుర్తు చేస్తుంది, ప్రశ్నలు దాని చుట్టుపక్కల తిరుగుతాయి. కనుక రోజూ యాభై ఒంటివాక్యపు బిట్లు చదివే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వారానికి ఐదారు పెద్ద వార్తలు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించండి.

ఎన్నికల బాండ్ల తీర్పునే తీసుకోండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టివేసిందన్నది వార్త. మీ పేజీలో దానితోపాటు, పథకం 2017 ఆర్థిక చట్టంతో ముడిపడి 2018లో అమల్లోకి వచ్చిందని, బాండ్లు జారీ చేసే అధికారం భారతీయ స్టేట్ బ్యాంకుకే ఉండేదని, ఓటరుకు ఉన్న సమాచార హక్కును 19(1)(ఎ) అధికరణ కింద కోర్టు గుర్తించిందని, ధర్మాసనానికి నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వం వహించారని ఉండాలి. అలా రాసిన పేజీ నుంచి ఐదారు ప్రశ్నలకు జవాబు చెప్పగలరు. ఈ పేజీ మీ చేతిరాతలో ఉండడం ముఖ్యం. ముద్రించిన సంకలనాన్ని పసుపు రంగు పూసి పక్కన పెట్టడం చదివిన తృప్తినిస్తుందే తప్ప గుర్తుండదు.

పరీక్షకు ముందు పన్నెండు నెలల వార్తల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఆదివారం ఉదయం గత నాలుగు వారాల పేజీలను మూసి, శీర్షిక మాత్రమే చూసి వివరాలు చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేనివి మాత్రమే మళ్లీ చదవండి.

మాక్ టెస్ట్ రాయడం సగం పనే

2020కి ముందు ప్రశ్నపత్రాలను సాధనకు వాడవద్దు. అవి వేరే పరీక్షవి అనుకోండి. క్లాట్ 2020 నుంచి క్లాట్ 2023 వరకు వచ్చినవి 150 ప్రశ్నలవి కాబట్టి వాటిని విభాగాలుగా విడదీసి సాధన చేయండి. 120 ప్రశ్నల పత్రాలను చివరి రెండు నెలల్లో పూర్తి మాక్ టెస్టులుగా రాయడానికి దాచుకోండి. ఆగస్టు వరకు రెండు వారాలకు ఒకటి, సెప్టెంబరులో వారానికి ఒకటి, అక్టోబరు, నవంబరు నెలల్లో వారానికి రెండు మాక్‌లు రాస్తే సరిపోతుంది. పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల వరకు జరుగుతుంది కాబట్టి మాక్ కూడా అదే వేళకు రాయండి. భోజనం తర్వాత కునుకు తీసే అలవాటున్నవారికి ఇది నిజంగా తేడా తెస్తుంది. తెర మీద కాకుండా కాగితం మీద, ఓఎంఆర్ నమూనాతో రాయండి.

మాక్ అయిన వెంటనే కీ చూడవద్దు. రాసేటప్పుడు అనుమానం ఉన్న ప్రశ్నలకు చుక్క పెట్టుకుని, వాటిని ఆ సాయంత్రం సమయ నియంత్రణ లేకుండా మళ్లీ చేయండి. ఆ తర్వాత కీతో సరిచూస్తే మూడు రకాలు బయటపడతాయి. మొదటిసారి తప్పు, రెండోసారి సరి అయినవి తొందరపాటు వల్ల పోయిన మార్కులు. వాటికి మందు వేగం కాదు, సమయ విభజన. రెండుసార్లూ తప్పైనవి మీ ఆలోచనా విధానంలోనే లోపం ఉందని చెబుతాయి. ఆ పాసేజీలను నోటుపుస్తకంలో అతికించి, తప్పు ఐచ్ఛికం మిమ్మల్ని ఎందుకు ఆకర్షించిందో ఒక వాక్యంలో రాయండి. ‘కానిది ఏది’, ‘ఏది తప్ప’ అన్న మాటలను గమనించక పోయినవి మూడో రకం. ఆ మాట కనిపించగానే దాని చుట్టూ గుండ్రం గీయడం తప్ప దానికి వేరే చికిత్స లేదు. ఈ విశ్లేషణకు మూడు గంటలైనా పడుతుంది. అంత సమయం లేని రోజున మాక్ రాయకపోవడమే మేలు.

నెగెటివ్ మార్కుల భయం గురించి కూడా లెక్కతోనే మాట్లాడుకుందాం. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదాన్ని కచ్చితంగా కొట్టివేయగలిగితే, మిగిలిన మూడింటిలో ఊహించి గుర్తించడం వల్ల సగటున 0.17 మార్కు లాభమే. రెండింటిని కొట్టివేయగలిగితే లాభం 0.375. తొంభై ప్రశ్నలే గుర్తించి 70 సరి, 20 తప్పు చేసినవారికి 65 మార్కులు వస్తాయి. మొత్తం 120 గుర్తించి 80 సరి, 40 తప్పు చేసినవారికి 70 వస్తాయి. కాబట్టి చదివి, ఒక్క ఐచ్ఛికాన్నైనా తొలగించగలిగిన ప్రశ్నను ఖాళీగా వదలవద్దు. చదవని పాసేజీ ప్రశ్నలను గుడ్డిగా నింపడం వల్ల కలిగే లాభం మాత్రం నామమాత్రం.

రెండు గంటలను పంచుకోవడం

విభాగాల క్రమం మీ ఇష్టం. చాలామందికి కరెంట్ అఫైర్స్‌తో మొదలుపెట్టడం నప్పుతుంది, ఎందుకంటే తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. 12 నిమిషాల్లో పూర్తవుతుంది. తర్వాత లీగల్ రీజనింగ్‌కు 34, ఇంగ్లిషుకు 24, లాజికల్ రీజనింగ్‌కు 30, గణితానికి 15 నిమిషాలు కేటాయిస్తే ఐదు నిమిషాలు మిగులుతాయి. ఈ సంఖ్యలను నాలుగైదు మాక్‌ల తర్వాత మీకు తగినట్లు సవరించుకుని, నవంబరు నుంచి మార్చకండి. ఓఎంఆర్ వలయాలను చివర్లో ఒక్కసారిగా నింపుదామని ఆపుకోవద్దు. పాసేజీ పూర్తయిన వెంటనే దాని ప్రశ్నలను నింపండి. పెన్నుతో నింపిన వలయాన్ని మార్చే వీలు ఉండదు, ఒక వరుస తప్పితే తర్వాతివన్నీ తప్పుతాయి.

కోచింగ్ తప్పనిసరా అన్న ప్రశ్నకు నా సమాధానం, మాక్ టెస్టుల వరకు డబ్బు ఖర్చు పెట్టడం సమంజసమని, చదివే అలవాటును మాత్రం ఎవరూ అమ్మలేరని. తరగతుల కోసం రోజూ మూడు గంటలు ప్రయాణించి, చదవడానికి అరగంట కూడా మిగలని ప్రణాళిక కంటే ఇంట్లో కూర్చుని రెండు సంపాదకీయాలు చదివే ప్రణాళిక మెరుగు.

పరీక్ష తర్వాత, లాసెట్ వైపు

తాత్కాలిక కీ విడుదలైన తర్వాత అభ్యంతరాలు తెలపడానికి చాలా తక్కువ సమయం ఇస్తారు, రుసుము కూడా ఉంటుంది. 2024 డిసెంబరు పరీక్ష కీ వివాదం ఢిల్లీ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే ఒక్క ప్రశ్న ఎన్ని ర్యాంకులను కదిలించగలదో ఊహించవచ్చు. కీ తప్పని మీకు రూఢిగా అనిపిస్తే పాసేజీలోని వాక్యాన్ని ఆధారంగా చూపి అభ్యంతరం నమోదు చేయండి. విశ్వవిద్యాలయాల ప్రాధాన్య క్రమాన్ని నింపేటప్పుడు స్థానిక కోటా నిబంధనలను ఒక్కో విశ్వవిద్యాలయానికి విడిగా చదవండి. నల్సార్‌లో తెలంగాణ విద్యార్థులకు, విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ప్రత్యేక సీట్లు ఉంటాయి, వాటికి స్థానికత ధ్రువపత్రాలు అడుగుతారు. ఫీజులు ఏడాదికి లక్షల్లో ఉంటాయి కనుక విద్యారుణం గురించి బ్యాంకులో ముందే విచారించుకోవడం మంచిది.

క్లాట్‌లో అనుకున్న ర్యాంకు వచ్చినా, రాకపోయినా లాసెట్‌కు దరఖాస్తు చేయండి. ఇటీవలి సంవత్సరాల్లో అది మే, జూన్ నెలల్లో కంప్యూటరు మీద జరుగుతోంది; ప్రశ్నలు ఇంగ్లిషుతోపాటు తెలుగులోనూ ఉంటాయి, నెగెటివ్ మార్కులు లేవు. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు: సాధారణ పరిజ్ఞానం, మేధాశక్తి కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయ అధ్యయన అభిరుచి 60. అర్హత మార్కులు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. ఈ పరీక్షకు మాత్రం రాజ్యాంగ అధికరణలు, న్యాయ పరిభాష, ప్రధాన చట్టాల పేర్లు, సంవత్సరాలు గుర్తుండాలి. ఇంటర్ పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచి రాజ్యాంగం మూడో భాగం (ప్రాథమిక హక్కులు), నాలుగో భాగం (ఆదేశిక సూత్రాలు), నాలుగో-ఎ భాగం (ప్రాథమిక విధులు) అన్నవాటిని రోజుకు ఐదు అధికరణల చొప్పున చదవడం మొదలుపెట్టండి. కరెంట్ అఫైర్స్‌కు మీరు క్లాట్ కోసం రాసుకున్న పేజీలే పునాది. డిసెంబరు తర్వాతి నెలల వార్తలను వాటికి చేర్చుకుంటే చాలు.